రీజనల్ జెట్ పెర్ఫార్మెన్స్: ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూకి ముందు మన వరంగల్ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టింది, పెరిగింది హన్మకొండలో. ఇప్పుడు రీజనల్ విమానాల్లో కో-పైలట్‌గా పనిచేస్తున్నాను. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడల్లా కాజీపేట, జనగామ, కరీంనగర్, మంచిర్యాల నుంచి ఎవరో ఒకరు వస్తుంటారు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చి ఉంటుంది, ఇంట్లో అప్పు నెత్తిమీద ఉంటుంది, ఇంటర్వ్యూ పిలుపు రేపో ఎల్లుండో అన్నట్టు ఉంటుంది. "అన్నా, అన్నీ బట్టీ పడుతున్న, అడిగితే ఒక్కటీ గుర్తుకొస్తలేదు" అంటారు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, ఎక్కువగా పెర్ఫార్మెన్స్ మీద (ఏ ఎండకు, ఏ బరువుతో, ఎంత రన్‌వేలో విమానం లేవగలదు, ఎక్కగలదు, దిగగలదు అన్న లెక్కలు), కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

రీజనల్ జెట్ అంటే ఏవి? మన దేశంలో ఉన్నాయా?

స్థూలంగా 50 నుంచి 100 సీట్ల దాకా ఉండి, చిన్న ఊళ్లను పెద్ద ఊళ్లతో కలిపే జెట్ విమానాలు. బొంబార్డియర్ వాళ్ల సీఆర్‌జేలు, ఎంబ్రేయర్ వాళ్ల ఈఆర్‌జే 145, ఆ తర్వాత వచ్చిన ఎంబ్రేయర్ 170, 175, 190 ఈ కోవలోకి వస్తాయి. మన దగ్గర స్టార్ ఎయిర్ ఎంబ్రేయర్ 145, 175 నడుపుతోంది. అంతకు ముందు విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 నుంచి 2017 దాకా ఎంబ్రేయర్ 170, 190 నడిపింది. మన తెలుగు పిల్లలు చాలామంది జెట్ కాక్‌పిట్ గురించి మొదట విన్నది ఆ రోజుల్లోనే.

ఏటీఆర్ 72 జెట్ కాదు, టర్బోప్రాప్, అంటే టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిరిగే విమానం. ప్యానెల్ ముందు దాన్ని జెట్ అనకండి. అయితే పెర్ఫార్మెన్స్ చదువు రెండింటికీ చాలామటుకు ఒకటే. తేడా వచ్చేచోట కింద చెబుతాను.

ఇంటర్వ్యూలో పెర్ఫార్మెన్స్ మీదే ఎందుకంత గుచ్చిగుచ్చి అడుగుతారు?

బట్టీ పట్టినవాడికీ అర్థమైనవాడికీ తేడా రెండో ప్రశ్నకే తెలిసిపోయే సబ్జెక్టు ఇది. నా మొదటి ఇంటర్వ్యూలో జరిగింది చెబుతాను. ప్యానెల్‌లో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న కెప్టెన్ "సెకండ్ సెగ్మెంట్‌లో ఎంత గ్రేడియంట్ కావాలి?" అన్నారు. అంటే, లేచి చక్రాలు లోపలికి పోయాక ఎక్కే దశలో వాలు ఎంత ఉండాలని. "2.4 శాతం సార్" అని టక్కున చెప్పాను. ఆయన తలూపి, "దేంట్లో 2.4 శాతం?" అన్నారు. నోట మాట రాలేదు. ఆ అంకెను రెండేళ్లుగా వల్లె వేస్తున్నాను గాని, అది దేని శాతమో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆయన కోప్పడలేదు. తెల్ల కాగితం, పెన్సిల్ నా వైపు జరిపి, "గీసి చూపించు" అన్నారు. గీయలేకపోయాను. ఆ ఉద్యోగం రాలేదు.

కాజీపేటకు తిరుగు రైల్లో కూర్చుని ఆ బొమ్మ గీశాను. ముందుకు 1,000 అడుగులు, పైకి 24 అడుగులు, అంతే. నేల మీద ఎంత దూరం పోతే ఎంత ఎత్తు ఎక్కామన్నదే ఆ శాతం. అంత చిన్న విషయం. ఆ రోజు నుంచి ప్రతి అంకెనూ గీసి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. మీకూ నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: గీయలేని అంకెను నోటితో చెప్పకండి.

మరి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? పుస్తకం తెరిస్తే గ్రాఫులు చూసే టెన్షన్ వస్తోంది.

గ్రాఫుల నుంచి వద్దు. మామునూరు నుంచి మొదలుపెట్టండి.

నిజాం కాలంలో 1930లో కట్టిన ఎయిర్‌ఫీల్డ్ అది. 1981 దాకా విమానాలు వచ్చిపోయిన చోటు. 2025 ఫిబ్రవరిలో దాన్ని తిరిగి అభివృద్ధి చేయడానికి కేంద్రం ఆమోదం తెలిపింది. మన ఇంటి పక్కనున్న రన్‌వే మీద లెక్క వేస్తే అంకెలు మనసుకు పడతాయి.

మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. ఎత్తు సముద్రమట్టం నుంచి సుమారు 900 అడుగులు అనుకుందాం. ఎండ 44 డిగ్రీలు, మన వరంగల్‌కు కొత్తేమీ కాదు. క్యూఎన్‌హెచ్, అంటే సముద్రమట్టానికి లెక్కగట్టిన గాలి పీడనం, 1003 హెక్టోపాస్కల్స్. ప్రామాణిక పీడనం 1013 కంటే ఇది పది తక్కువ. ఒక్కో హెక్టోపాస్కల్‌కు 30 అడుగులు వేసుకుంటే 300 అడుగులు. దాన్ని 900కు కలిపితే ప్రెషర్ ఆల్టిట్యూడ్, అంటే పీడనం ప్రకారం మనం ఉన్న ఎత్తు, 1,200 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత, వెయ్యి అడుగులకు 2 డిగ్రీల చొప్పున 15 లోంచి 2.4 తీసేస్తే, 12.6 డిగ్రీలు. అసలు ఎండ దానికంటే 31.4 డిగ్రీలు ఎక్కువ. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున దాదాపు 3,770 అడుగులు కలపాలి. మొత్తం సుమారు 5,000 అడుగులు. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు.

దీని అర్థం ఏమిటి? విమానం నిలబడింది మామునూరులో, కానీ రెక్కలకూ ఇంజిన్లకూ తగులుతున్న గాలి ఐదు వేల అడుగుల కొండ మీది గాలంత పలచన. రెక్కకు అదే లిఫ్ట్ (పైకి లేపే బలం) కావాలంటే నేల మీద ఇంకా వేగంగా పరుగెత్తాలి. ఆ వేగం తెచ్చుకోవడానికి ఇంజిన్ ఇచ్చే తోపు తగ్గింది. రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి. ఈ ముక్క మీ నోటితో మీరు చెప్పగలిగితే పెర్ఫార్మెన్స్‌లో సగం భయం పోయినట్టే.

ఇదే లెక్క డిసెంబర్ తెల్లవారుజామున 14 డిగ్రీలకు, 1015 క్యూఎన్‌హెచ్‌కు వేసి చూడండి. తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఇంజిన్ పవర్ ఎండకు తగ్గుతుందంటున్నారు. 'ఫ్లాట్ రేటింగ్' అంటే తగ్గదనే కదా?

ఒక హద్దు దాకా తగ్గదు. ఉదాహరణకు ఒక ఇంజిన్ ఐఎస్ఏ+15 (ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే 15 డిగ్రీలు ఎక్కువ) దాకా ఫ్లాట్ రేటెడ్ అయితే, సముద్రమట్టంలో 30 డిగ్రీల దాకా పూర్తి తోపు ఇస్తుంది. అది దాటాక టర్బైన్ వేడి హద్దుకు చేరుతుంది కాబట్టి కంప్యూటర్ తోపు తగ్గిస్తూ పోతుంది. పైన వేసిన మామునూరు లెక్కలో మనం ఐఎస్ఏ+31 దగ్గర ఉన్నాం. ఏ ఇంజిన్‌కు ఎక్కడ ఆ హద్దు ఉందో మీరు ఇంటర్వ్యూకి వెళ్లే ఎయిర్‌లైన్ విమానం పుస్తకంలో చూసుకోండి. ఎంబ్రేయర్ 175కు సీఎఫ్34-8ఈ ఇంజిన్లు, 145కు రోల్స్‌రాయిస్ ఏఈ3007. ఈపాటి పేర్లు మాత్రం తడుముకోకుండా రావాలి.

"ఈరోజు ఎంత బరువుతో లేవగలం?" అని అడిగితే జవాబు ఎలా కట్టాలి?

ఇంటర్వ్యూలో నాకు బాగా నచ్చే ప్రశ్న ఇది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి లారీ డ్రైవర్‌ను అడగండి, ఎంత లోడు వేస్తావని. లారీ ఎంత మోయగలదో ఒక లెక్క, టైర్లు ఎంత తట్టుకుంటాయో ఒక లెక్క, దారిలో ఎత్తు ఎక్కగలదా అన్నది ఒక లెక్క, దిగుడులో బ్రేకులు ఆపగలవా అన్నది ఇంకో లెక్క. అన్నిట్లో ఏది తక్కువైతే అంతే వేస్తాడు. విమానానికీ అదే.

సాధన కోసం కొన్ని అంకెలు వేసుకుందాం. ఇవి నిజం విమానానివి కావు, లెక్క కోసమే. పొడవైన కొత్త రన్‌వే ఉంది. విమానం నిర్మాణం ప్రకారం 38,500 కిలోలు మోయగలదు. రన్‌వే పొడవు చూస్తే 36,200. ఎండలో ఒక ఇంజిన్‌తో ఎక్కగలిగే బరువు 37,000. ఇక్కడితో ఆపి చాలామంది "36,200" అనేస్తారు. ఆగండి. మనం పోయేది బెంగళూరుకు, గంటకు అటూ ఇటూ ప్రయాణం. దిగేటప్పుడు గరిష్ఠ బరువు 34,000 దాటకూడదు. దారిలో కాలే ఇంధనం 1,800 కిలోలు. రెండూ కలిపితే 35,800. ఈరోజు మన చేతులు కట్టేసింది దిగే బరువు!

చిన్న దూరాలు తిరిగే విమానాలకు ఇది తరచుగా జరుగుతుంది. లేవడం గురించి అడిగితే దిగడం గురించి కూడా ఆలోచించే అభ్యర్థిని ప్యానెల్ వేరుగా చూస్తుంది. నేను రెండో ఇంటర్వ్యూలో గట్టెక్కింది ఈ ప్రశ్న దగ్గరే.

బ్రేక్ ఎనర్జీ, టైరు వేగం, దారిలో అడ్డంకులు కూడా పరిమితులే. ఆ మాట ఒకటి అనండి. అడిగితే వివరించండి.

వీ1 అంటే 'డెసిషన్ స్పీడ్' అని చదువుకున్నాం. తప్పా?

పూర్తిగా తప్పు కాదు గాని, ఆ మాట దారి తప్పిస్తుంది. వీ1 దగ్గర కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టేది ఏమీ ఉండదు. టేకాఫ్ పరుగు ఆపాలంటే, ఆపే మొదటి పని అప్పటికే మొదలై ఉండాల్సిన గరిష్ఠ వేగం అది. నిర్ణయం అంతకు ముందే అయిపోయి ఉండాలి.

దీన్ని పుస్తకంలో కంటే నేల మీద అర్థం చేసుకోవడం తేలిక. సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పిల్లల్ని తీసుకుపోతాను. నడకలో వేసే ఒక అడుగు అంటే పది మీటర్లు అనుకుని 180 అడుగులు కొలిచి రెండు చివర్లా సున్నంతో గీత గీస్తాం. అది 1,800 మీటర్ల రన్‌వే. మధ్యలో ఎక్కడో ఒక ఇటుక ముక్క పెడతాం. అది వీ1. ఇద్దరు మొదటి గీత నుంచి నడుస్తారు. ఇటుకకు కాస్త ముందు నేను చప్పట్లు కొడతాను, అంటే ఇంజిన్ పోయింది. ఒకరు ఆగే విమానం. ఇటుక దగ్గర బ్రేక్ వేసినట్టు, ఆగడానికి పట్టే అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి నిలబడాలి. ఇంకొకరు లేచే విమానం. ఒక ఇంజిన్‌తో మెల్లగా వేగం పెంచుకుంటూ పోయి, 35 అడుగుల ఎత్తుకు చేరేచోట చెయ్యి ఎత్తాలి.

ఇప్పుడు ఇటుకను వెనక్కి, మొదలు వైపు జరుపుతాను. ఆగేవాడు హాయిగా ముందే ఆగిపోతాడు. లేచేవాడికి కష్టం. తక్కువ వేగంలోనే ఇంజిన్ పోయింది కాబట్టి ఒంటి ఇంజిన్‌తో చాలా దూరం పరుగెత్తాలి, చివరి గీత దాటిపోతాడు. ఇటుకను ముందుకు జరిపితే లేచేవాడికి సుఖం, ఆగేవాడు గీత దాటి గడ్డిలో పడతాడు. జరుపుతూ జరుపుతూ ఇద్దరూ ఒకే గీత దగ్గరికి చేరే చోటు దొరుకుతుంది. అదే బ్యాలెన్స్‌డ్ ఫీల్డ్. పోయిన వేసవిలో జనగామ నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఆ చోటు దొరకగానే ఇటుక పక్కనే చతికిలబడి, "నాలుగేండ్ల నుంచి చదువుతున్ననన్నా, ఇయ్యాల చూసిన" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

రన్‌వే తడిగా ఉంటే వీ1 ఎందుకు తగ్గుతుంది?

అదే గ్రౌండ్‌లో, అదే ఇటుకతో. తడి రన్‌వే మీద బ్రేకులు సరిగా పట్టవు కాబట్టి ఆగేవాడికి ఎక్కువ దూరం కావాలి. అందుకని ఇటుకను వెనక్కి జరుపుతాం. మరి లేచేవాడి గతేమిటి? అతనికి దూరం చాలదు కదా? ఇక్కడ నియమం కొంచెం సడలింపు ఇస్తుంది. పొడి రన్‌వే మీద చివరికి 35 అడుగుల ఎత్తు కావాలి, తడిగా ఉంటే 15 అడుగులు చాలు. "ఆపడం కష్టం కాబట్టి తగ్గుతుంది" వరకు అందరూ చెబుతారు. "దానికి బదులుగా ఎత్తులో భద్రత కొంత వదులుకుంటున్నాం" అని మీరు కలపండి.

నిలిచిన నీళ్ల మీద టైరు తేలిపోయే వేగం కూడా అడుగుతారు. టైరు పీడనం పీఎస్ఐలో తీసుకుని దాని వర్గమూలాన్ని 9తో గుణించాలి. 144 పీఎస్ఐ అయితే 12 తొమ్మిదులు 108 నాట్లు.

సెకండ్ సెగ్మెంట్ 2.4 శాతం. ఎస్ఐడీలో (విమానాశ్రయం వదిలి పోవడానికి ముందే గీసి పెట్టిన దారి) 3.3 శాతం అడుగుతారు. ఒక ఇంజిన్ పోతే ఎస్ఐడీ ఎలా ఎగరాలి?

ఈ ప్రశ్న మీకే వచ్చిందంటే మీరు సరైన దారిలో ఉన్నారు.

ముందు సెగ్మెంట్లు. నేల వదిలిన దగ్గర్నుంచి చక్రాలు లోపలికి పోయేదాకా మొదటిది. రెండు ఇంజిన్ల విమానానికి ఇక్కడ ఎత్తు పెరుగుతూ ఉంటే చాలు. చక్రాలు పోయాక, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) అలాగే ఉంచి, వీ2 వేగంతో (ఒక ఇంజిన్ పోయినా సురక్షితంగా ఎక్కగలిగే వేగం) కనీసం 400 అడుగుల దాకా ఎక్కేది రెండోది. 2.4 శాతం ఇక్కడే, అదీ ఒక ఇంజిన్ పోయిన స్థితిలో. మూడోదాంట్లో వేగం పెంచుకుంటూ ఫ్లాప్స్ తీసేస్తాం. చివరిదాంట్లో 1.2 శాతంతో 1,500 అడుగుల దాకా. అడ్డంకుల లెక్కకు మాత్రం అసలు గ్రేడియంట్‌లోంచి 0.8 శాతం తీసేసి, ఆ మిగిలిన దారి అడ్డంకి మీదుగా 35 అడుగుల పైన పోవాలి.

ఇక ఎస్ఐడీ. అక్కడి 3.3 శాతం, అంటే ఒక నాటికల్ మైలుకు 200 అడుగులు, అన్ని ఇంజిన్లూ పనిచేస్తున్నాయన్న లెక్కతో గీసింది. ఒక ఇంజిన్ పోయాక ఆ దారి మనకు హామీ కాదు. అందుకే ఎయిర్‌లైన్లు ఇంజిన్ పోయినప్పటి దారిని వేరుగా లెక్క వేసి పైలట్లకు ఇస్తాయి. టేకాఫ్ బ్రీఫింగ్‌లో దాన్ని చెప్పుకుంటాం.

నోటి లెక్క ఒకటి: శాతాన్ని నాట్లలో ఉన్న గ్రౌండ్ స్పీడ్‌తో (నేలతో పోల్చిన వేగంతో) గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులో ఇంచుమించుగా వస్తుంది. 2.4ని 140తో గుణిస్తే 336. నిమిషానికి 340 అడుగులంటే ఎంత తక్కువో గమనించండి. రెండు ఇంజిన్లతో రెండు వేల పైన ఎక్కడం చూసిన కళ్లకు అది కదలనట్టే కనిపిస్తుంది. ఎంబ్రేయర్లలో ఒక ఇంజిన్ పోతే రెండోదాని తోపును దానంతట అదే పెంచే ఏర్పాటు ఉంటుంది, ఏటీటీసీఎస్ అంటారు. ఆ పేరు తెలిసి ఉండాలి.

ఫ్లాప్స్ ఎక్కువ పెడితే మంచిదా, తక్కువ పెడితే మంచిదా?

పొట్టి రన్‌వే అయితే ఎక్కువ, ఎండ ఎక్కువై ఎక్కడం కష్టమైతే తక్కువ. ఎక్కువ ఫ్లాప్స్‌తో తొందరగా లేస్తాం, కానీ గాలి అడ్డు పెరిగి ఎక్కడం మందగిస్తుంది. సీఆర్‌జే 200లో టేకాఫ్‌కు 8 గాని 20 డిగ్రీలు గాని వాడతారు. ఎంబ్రేయర్ 175లో 1, 2, 4. సీఆర్‌జే 200కూ, ఈఆర్‌జే 145కూ రెక్క ముందంచున స్లాట్లు (ముందుకు జారే పలకలు) లేవు. సీఆర్‌జే 700, ఎంబ్రేయర్ 175కు ఉన్నాయి. స్లాట్లు లేని రెక్క మీద పలచటి మంచు పొర కూడా ప్రమాదమే.

ఇంజిన్ పూర్తి పవర్ వాడకుండా తగ్గించి లేవడం ఎందుకు? భద్రత తగ్గదా?

బరువు తక్కువగా ఉండి, రన్‌వే పొడవుగా ఉంటే పూర్తి తోపు అక్కర్లేదు. బయట 30 డిగ్రీలుంది, కానీ ఈ బరువుతో 48 డిగ్రీల ఎండలో కూడా లేవగలం అనుకోండి. కంప్యూటర్‌కు 48 అని చెబుతాం. అది ఆ ఎండకు తగ్గ తక్కువ తోపు ఇస్తుంది. ఇంజిన్ వేడి తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. భద్రత మాటకొస్తే, నిజంగా ఉన్న గాలి 30 డిగ్రీలది, 48 డిగ్రీల గాలి కంటే చిక్కన. గేజ్‌లో కనిపించే అదే వేగానికి అసలు వేగం తక్కువ, కాబట్టి పట్టే దూరం లెక్కలో వచ్చినదానికంటే తక్కువే. నిలిచిన నీళ్లు, మంచు ఉన్న రన్‌వే మీద ఇలా చేయరు. మన మే మధ్యాహ్నాల్లో తగ్గించడానికి మిగిలేదీ పెద్దగా ఉండదు.

దిగే దూరం లెక్కలో 1.67 ఎక్కడి నుంచి వచ్చింది?

మళ్లీ మామునూరు. పాత రన్‌వే 1,800 మీటర్లు అనుకుందాం. మన విమానం 50 అడుగుల ఎత్తు నుంచి దిగి ఆగడానికి 1,100 మీటర్లు పట్టిందనుకుందాం. యూరప్ నియమాల ప్రకారం జెట్ అయితే ఆ దూరం రన్‌వేలో 60 శాతం లోపే ఉండాలి. 1,100ను 0.6తో భాగిస్తే 1,833. ముప్పై మూడు మీటర్లు చాలవు. టర్బోప్రాప్‌కు 70 శాతం. 0.7తో భాగిస్తే 1,571. హాయిగా సరిపోయింది. ఇప్పుడు వాన పడింది. 15 శాతం కలపాలి. టర్బోప్రాప్‌కు 1,807, ఏడు మీటర్లు చాలవు! జెట్‌కు 2,108. ఒకే రన్‌వే, ఒకే దూరం, నాలుగు జవాబులు. 1.67 అన్నది 0.6ను తిరగేసిన అంకె, అంతకు మించి ఏమీ లేదు.

గాలి విషయం కూడా చెప్పండి. ఎదురుగాలి ఉంటే లెక్కలో సగమే వేసుకోవాలి, వెనకగాలి ఉంటే ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. మేలు చేసేదాన్ని తక్కువ నమ్మడం, కీడు చేసేదాన్ని ఎక్కువ నమ్మడం. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో 737 విమానం వానలో, వెనకగాలితో, రన్‌వేలో దాదాపు సగం దాటాక నేల తాకింది. ఆ నివేదిక చదివాక ఈ గుణకాలను ఎవరూ వట్టి సిలబస్‌గా చూడలేరు.

ప్రమాదాల నివేదికలు చదవాలా? భయం వేస్తుంది.

చదవాలి. రీజనల్ జెట్ల వరకు రెండు తప్పకుండా.

2004 అక్టోబర్ 14. అమెరికాలో పినాకిల్ ఎయిర్‌లైన్స్ సీఆర్‌జే 200, ప్రయాణికులు లేకుండా ఇద్దరు పైలట్లతో బయలుదేరింది. ఆ విమానం గరిష్ఠ ఎత్తు 41,000 అడుగులు. అక్కడికి ఎక్కాలని అనుకున్నారు. ఆటోపైలట్‌కు నిమిషానికి ఇన్ని అడుగులు ఎక్కమని చెప్పారు (దాన్నే వర్టికల్ స్పీడ్ మోడ్ అంటారు). అది చెప్పినట్టే ఎక్కుతూ పోయింది. పలచటి గాలిలో తోపు చాలక వేగం కరిగిపోతూ వచ్చింది. పైకి చేరేసరికి విమానం స్టాల్ అంచున, అంటే రెక్కకు లిఫ్ట్ పోయే అంచున ఉంది. స్టాల్ అయ్యాక రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి, మళ్లీ రాజుకోలేదు. జెఫర్సన్ సిటీ దగ్గర కూలి ఇద్దరూ చనిపోయారు. "ఎత్తులో వర్టికల్ స్పీడ్ మోడ్‌లో ఎక్కితే ఏమవుతుంది?" అని ప్యానెల్ అడిగితే, వాళ్ల మనసులో ఉండేది చాలామటుకు ఈ ప్రమాదమే. ఎత్తు ఆపేస్తే వేగం నిలుస్తుంది, వేగం వదిలేస్తే ఎత్తూ నిలవదు.

2006 ఆగస్టు 27. లెక్సింగ్టన్‌లో కోమెయిర్ 5191, సీఆర్‌జే 100. 7,003 అడుగుల 22 రన్‌వే మీద లేవాల్సింది, తెల్లవారకముందు చీకట్లో 3,500 అడుగుల 26 రన్‌వే మీదికి మళ్లింది. 50 మందిలో 49 మంది చనిపోయారు. అంకెలన్నీ సరిగ్గానే వేసుకున్నారు, ఆ అంకెలు వేసింది వేరే రన్‌వేకు. అందుకే ఇవాళ నేను రన్‌వే మీదికి మళ్లగానే దిక్సూచి వైపు చూసి ఆ అంకెను పైకి చదువుతాను. ఆ క్షణంలో ఆ 49 మంది ప్రతిసారీ గుర్తొస్తారు.

కిందికి దిగడం ఎప్పుడు మొదలుపెట్టాలో నోటితో లెక్క వేయమంటారు.

దిగాల్సిన ఎత్తును వేలల్లో తీసుకుని మూడుతో గుణించండి. 35,000 నుంచి 2,000కు అంటే 33 మూళ్లు 99 మైళ్లు. వేగం తగ్గించుకోవడానికి ఇంకొన్ని మైళ్లు కలపండి. మూడు డిగ్రీల వాలుకు గ్రౌండ్ స్పీడ్‌ను ఐదుతో గుణిస్తే నిమిషానికి అడుగులు. 140కి 700.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషులో వివరించలేనేమో అని టెన్షన్.

నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ముందు తెలుగులో అర్థం చేసుకోండి, అమ్మకో చెల్లెకో తెలుగులో చెప్పండి. వీ1 సంగతి మా అమ్మకు వంటింట్లో చెబితే "మరి అటూ ఇటూ కాని చోట ఇంజిన్ పోతే?" అని అడిగింది. ప్యానెల్ అడిగే ప్రశ్న అదే. ఆ తర్వాత అదే విషయాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. పెద్ద మాటలు అక్కర్లేదు. బొమ్మ గీస్తూ చెబితే భాష సగం భారం బొమ్మే మోస్తుంది.

ఎన్ని రోజులు చదవాలి? ప్రశ్నల బ్యాంకులు కొనాలా?

రోజుకు రెండు గంటల చొప్పున మూడు వారాలు, రోజుకొక లెక్క. అప్పటికే టెక్నికల్ జనరల్ (లైసెన్స్ పరీక్షల్లో విమానం, ఇంజిన్ల పేపర్) మీద పట్టున్నవాళ్లకు ఇది చాలు. ప్రశ్నల బ్యాంకు చివరి మూడు రోజుల్లో పరీక్ష చేసుకోవడానికి పనికొస్తుంది, చదువుకోవడానికి కాదు. ఇప్పటికే లక్షలు పోసిన ఇంట్లో వేలు పెట్టి ఇంకో కోర్సు కొనమని నేనెవరికీ చెప్పను. అప్పు చేసి అసలే వద్దు.

తెలియని ప్రశ్న వస్తే?

"తెలియదు సార్" అనండి. ఆ వెంటనే "నాకు తెలిసిన దాన్నుంచి ఆలోచించమంటారా?" అని అడగండి. ఒప్పుకుంటే పెన్సిల్ తీయండి. అంకె కల్పించి చెప్పడం మాత్రం వద్దు. కాక్‌పిట్‌లో పక్క సీటులో కూర్చునే కెప్టెన్‌కు కల్పించిన అంకె చెప్పే మనిషి అక్కర్లేదు.

గ్రౌండ్‌కు మేమూ రావచ్చా?

రండి. నేను ఊళ్లో ఉన్న ఆదివారాల్లో పొద్దున ఐదున్నరకు మొదలుపెడతాం. ఏడు దాటితే వాకింగ్‌కు వచ్చేవాళ్లు, క్రికెట్ ఆడే పిల్లలు మన రన్‌వే మీదికి వచ్చేస్తారు, ఎండా మొదలవుతుంది. ఒక నోట్‌బుక్, పెన్సిల్, మామునూరు డెన్సిటీ ఆల్టిట్యూడ్ లెక్క డిసెంబర్‌కు వేసుకుని తీసుకురండి. సున్నం, ఇటుక ముక్క నా స్కూటీ డిక్కీలో ఉంటాయి.